క్లెయిమ్ సరే, చెప్పు ఎందుకు జారుతోంది?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. అమెరికా ఆర్మీలో తొమ్మిదేళ్లు బరువులు మోసి నడుం పాడైంది. ఏడాదిగా ఐబుప్రొఫెన్ 200 ఎంజీ నొప్పి మాత్రలు నాలుగేసి చొప్పున మూడు పూటలా వేసుకుంటున్నాను. బీపీకి లోసార్టాన్ ఉంది. ఈమధ్య ఎడమ కాలు తిమ్మిరి, చెప్పు జారిపోతోంది. పరిహారం క్లెయిమ్ కోసం వచ్చే నెల వీఏ (అమెరికా మాజీ సైనికుల శాఖ) డిజెబిలిటీ పరీక్ష. వైకల్యం శాతం ఎక్కువ రావాలంటే ఏం చెప్పాలి? జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని మీరు లెటర్ ఇస్తారా?

జవాబు: శాతం సంగతి తర్వాత. ముందు ఆ చెప్పు సంగతి చూడాలి. పాదాన్ని పైకెత్తే కండరం బలహీనపడితే చెప్పు అలాగే జారుతుంది. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ నరాన్ని నొక్కుతోందేమో చూడాలి. గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు వేయండి. ఎడమ పాదం లేవకపోతే ఒకటి రెండు రోజుల్లోనే స్పైన్ డాక్టర్‌ దగ్గర ఉండాలి. లేచినా సరే, ఈ వారం దాటనివ్వకండి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా అదే గంటలో ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇక మాత్రలు. రోజుకు పన్నెండా! రోజుకు ఆరు మించవద్దని, నొప్పి పది రోజులు దాటితే డాక్టర్‌ని అడగమని ఆ సీసా మీదే ఉంటుంది. లోసార్టాన్‌తో కలిస్తే కిడ్నీల మీద భారం, బీపీ కూడా అదుపు తప్పొచ్చు. బీపీ మాత్ర మానకండి, ఐబుప్రొఫెన్ ఆపి, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. ఈ మాత్రలకు కడుపులో రక్తం కారి మలం నల్లగా పోతోందా? అది కూడా దాచకుండా చెప్పండి.

సొంత వైద్యం వల్ల మీ క్లెయిమ్‌కూ నష్టమే. డిస్క్ జబ్బులో మంచం పట్టిన రోజులను వీఏ లెక్కేసే పద్ధతి ఒకటుంది. డాక్టర్ రాసిచ్చిన బెడ్ రెస్ట్ అయితేనే అందులోకి వస్తుంది. ఇంట్లో మాత్రలు మింగి పడుకున్న రోజులకు కాగితమేదీ?

వీఏ పరీక్షలో గోనియోమీటర్ (కోణం కొలిచే పరికరం) పెట్టి ఎంత వంగుతారో కొలుస్తారు. ముందుకు 30 డిగ్రీలు దాటి 60 లోపు వంగితే సాధారణంగా 20 శాతం, 30 లేదా అంతకన్నా తక్కువైతే 40. కాలి నరం బలహీనతకు విడిగా శాతం ఇస్తారు, కాబట్టి తిమ్మిరి మాట తప్పక చెప్పండి. నొప్పి ఎక్కడ మొదలైతే అక్కడే అనండి. నొప్పి ముదిరిన రోజున బూటు లేసు కట్టుకోలేకపోతే అదీ చెప్పండి. నటించకండి, రోజూ నడుములు చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

లెటర్ నేనివ్వలేను, మిమ్మల్ని చూడనేలేదు. మీ సర్వీసు వైద్య రికార్డులు చదివి, మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్‌నే అడగండి. ఈ నడుం జబ్బు సర్వీసు వల్ల వచ్చే అవకాశం కనీసం సగానికి సగం ఉందని ఆయనకు అనిపిస్తే, కారణాలతో సహా రాస్తారు. ఎలాగూ ఈ వారం స్పైన్ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారుగా, ఆ రికార్డులు వెంట తీసుకెళ్లండి.