సిగరెట్ మానేశాను, ఇప్పుడు వేప్ కొనుక్కోవచ్చా? – పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది నరసన్నపేట, వయసు 47, ట్రావెల్స్ నడుపుతాను. ఇరవై రెండేళ్లు రోజుకి పదిహేను సిగరెట్ల దాకా కాల్చాను. మానేసి ఇవాళ్టికి 38 రోజులు. మందూ మాకూ ఏమీ వాడలేదు, మా ఆవిడ ఏడుపు చూడలేక మానేశాను. కానీ సాయంత్రం అయ్యేసరికి చేతులు ఊరుకోవు, నిద్ర పట్టదు, చిన్నదానికీ టెన్షన్. రోజూ ఏడెనిమిది టీలు తాగే అలవాటు, సిగరెట్ మానేశాక ఇంకో రెండు పెరిగాయి. మా అబ్బాయి ఇంగ్లాండులో చదువుకుంటున్నాడు, వచ్చే నెల వస్తూ వేప్, అదే ఈ-సిగరెట్, తెస్తానంటున్నాడు, వోల్టేజ్ పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి వీలుండే రకమట, కొత్తవాళ్లకి అదే సులువంటున్నాడు. ఎన్ని వోల్టుల దగ్గర పెట్టుకోవాలి? ఏ రకం తెమ్మంటారు?

జవాబు: అబ్బాయికి ఇవాళే ఫోన్ చేసి తేవద్దని చెప్పండి. ఎందుకో చెప్తాను, మీరడిగిన వోల్టుల సంగతీ చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తేనే నేను వద్దంటున్నది ఏ వస్తువునో మీకు సరిగ్గా అర్థమవుతుంది.

మీరు దాటిన 38 రోజులు చిన్న విషయం కాదండి. ఆఖరి సిగరెట్ తర్వాత మూడు నాలుగు రోజుల్లో నికోటిన్ ఒంట్లోంచి వెళ్లిపోతుంది, మొదటి వారం నరకం, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకి శరీరం చేసే గోల చాలావరకు అణుగుతుంది. ఆ గోలంతా మీరు ఉత్తి చేతులతో పడ్డారు. ఇప్పుడు మీ ఒంట్లో నికోటిన్ లేదు. వేప్ అనేది సిగరెట్ వదల్లేనివాడు ఆ పొగ నుంచి బయటపడటానికి పట్టుకునే కర్ర. మీరు ఇప్పటికే ఒడ్డెక్కారు. ఇప్పుడు నికోటిన్ వేప్ పట్టుకోవడమంటే మానేసిన నికోటిన్‌ని మళ్లీ ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టడమే. మానలేకపోతున్నాను అని మీరు రాసి ఉంటే నా జవాబు ఇంకోలా మొదలయ్యేది, మీరు రాసింది మానేశాను అని.

రెండోది చట్టం. మన దేశంలో 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్స్‌తో, అదే ఏడాది డిసెంబరులో చట్టంతో ఈ-సిగరెట్లన్నీ నిషేధించారు. తయారీ, అమ్మకం, రవాణా, ప్రకటనలతో పాటు విదేశాల నుంచి తేవడం కూడా అందులో ఉంది. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిల్వ పెట్టుకుంటే ఆరు నెలల దాకా జైలు, లేదా యాభై వేల దాకా జరిమానా, లేదా రెండూ. చదువుకునే కుర్రాడు నాన్న మీద ప్రేమతో బ్యాగులో పెట్టుకొచ్చి విమానాశ్రయంలో నిలబడటం మీకు ఇష్టమా? ఇక్కడ చాటుమాటుగా అమ్మేవి ఉంటాయి, వాటిలో ఏ లిక్విడ్ ఉందో, ఎంత నికోటిన్ ఉందో చెప్పే నాథుడు లేడు.

ఇక ఆ వస్తువు సంగతి. పోయినేడు ఒకాయన ఇలాంటిదే తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. లావుపాటి పెన్నులా ఉంటుంది, బటన్ ఐదుసార్లు గబగబా నొక్కితే వెలుగుతుంది, అడుగున తిప్పే చక్రం, దాని మీద 3.2 నుంచి 4.8 వరకు అంకెలు. పైన చిన్న గాజు గొట్టంలో లిక్విడ్, దాని మధ్యలో దూది చుట్టిన సన్నని తీగ, దాన్నే కాయిల్ అంటారు. బ్యాటరీ కరెంటుకి తీగ వేడెక్కుతుంది, దూది పీల్చుకున్న లిక్విడ్ ఆవిరవుతుంది, ఆ ఆవిరినే లాగుతారు. లిక్విడ్‌లో ఉండేది ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసనకి ఏవో ఫ్లేవర్లు, నికోటిన్. చక్రం తిప్పితే మారేది వేడి. వోల్టేజ్ కొంచెం పెరిగితే వేడి కూడా కొంచెమే పెరుగుతుందనుకుంటారు, అలా కాదు. 1.5 ఓమ్‌ల కాయిల్‌కి (కరెంటుకి తీగ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత ఓమ్) 3.7 వోల్టులు ఇస్తే సుమారు 9 వాట్లు, అదే 4.8 ఇస్తే 15 వాట్లు దాటుతుంది. వోల్టేజ్ మూడో వంతు కూడా పెరగలేదు, వేడి మాత్రం ఒకటిన్నర రెట్లు దాటిపోయింది. లిక్విడ్ అంత వేగంగా దూదిలోకి రాలేక దూదే కాలుతుంది. ఆయన తెచ్చినదాన్ని విప్పి చూశాం, దూది దీపంలో కాలిన వత్తిలా నల్లగా పెళుసెక్కి ఉంది. గొంతు మండుతోందని వచ్చాడాయన, సిగరెట్ ఘాటు రావట్లేదని చక్రాన్ని చివరిదాకా తిప్పేశాడట.

2015లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. 3.3 వోల్టుల దగ్గర ఫార్మాల్డిహైడ్‌ని, అంటే క్యాన్సర్ తెచ్చే ఒక రసాయనాన్ని, విడుదల చేసే పదార్థాలు కనిపించలేదు, 5 వోల్టుల దగ్గర బాగా కనిపించాయి. అంత మాడు రుచిని మనిషి ఎవరూ లాగలేడని మిగతా శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు, అది న్యాయమైన మాటే. కానీ నా దగ్గరికి వచ్చిన ఆయన లాగాడు కదా. ఇరవై ఏళ్లు సిగరెట్ ఘాటుకి అలవాటుపడ్డ గొంతు ఆ ఘాటు కోసమే వెతుక్కుంటుంది. అందుకే చక్రం ఉన్నవి కొత్తవాళ్లకి సులువనే మాట నేను ఒప్పుకోను.

ఇప్పుడు మీ అసలు బాధకి వద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది వేప్ కాదు, టీ. సిగరెట్ పొగలో ఉండే పదార్థాలు కాలేయాన్ని తొందరపెట్టి కెఫీన్‌ని త్వరగా బయటికి పంపించేస్తాయి. సిగరెట్ మానేస్తే ఆ తొందర ఆగిపోతుంది, అవే టీలు తాగినా ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు దాకా చేరుతుంది. మీరేమో రెండు పెంచారు కూడా. చేతులు ఊరుకోకపోవడం, నిద్ర లేకపోవడం, చిన్నదానికీ టెన్షన్, ఇవన్నీ సిగరెట్ కోసం అనుకుంటున్నారు, ఇందులో సగం టీ చేస్తున్న పని కావచ్చు. రేపటి నుంచి నాలుగుకి తగ్గించండి, సాయంత్రం ఐదు దాటాక ఒక్కటీ వద్దు. రెండు వారాలు చేసి చూడండి. ఒక్కసారిగా తగ్గిస్తే ఒకటి రెండు రోజులు తలనొప్పి రావచ్చు, కంగారు పడకండి.

టీ కొట్టు దగ్గర నిలబడే చోటు కూడా మార్చండి. ఇన్నాళ్లూ ఎడమ చేత్తో గ్లాసు, కుడి చేత్తో సిగరెట్ పట్టుకుని ఉంటారు, ఆ కుడి చెయ్యి ఖాళీగా ఉంటే మనసు అటే పోతుంది. వేయించిన శనగలో, ఒక లవంగమో, సోంపో జేబులో పెట్టుకోండి. కోరిక వచ్చినా మూడు నుంచి ఐదు నిమిషాలే ఉంటుంది, ఆ ఐదు నిమిషాలు బండి దగ్గరికి వెళ్లి టైర్లలో గాలి చూసుకున్నా గడిచిపోతుంది. అప్పటికీ తట్టుకోలేకపోతే, సిగరెట్ వెలిగించేస్తానేమో అనిపిస్తే, మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ దొరుకుతుంది, ఆ ఒక్క గండానికి అది చాలు. దాన్ని బబుల్‌గమ్‌లా నమలకూడదు. మెల్లగా నాలుగైదు సార్లు నమిలితే నాలుక చురుక్కుమంటుంది, వెంటనే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలెయ్యండి, చురుకు తగ్గాక మళ్లీ నమలండి, ఇలా అరగంట. గబగబా నమిలి మింగినవాళ్లే ఎక్కిళ్లు, కడుపులో మంట అని తిట్టుకుని పారేస్తారు. గమ్‌కి పావుగంట ముందు నుంచి టీ తాగకూడదు, తాగితే నికోటిన్ సరిగ్గా ఎక్కదు. గుండె జబ్బు ఉంటే మాత్రం మీ డాక్టరుని అడగకుండా వాడకండి.

జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356, ఉచితం, ఫోన్ చేస్తే కౌన్సెలింగ్ ఇస్తారు. సిగ్గుపడకుండా చెయ్యండి. మీ ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి.

ప్రశ్న: మాది విజయనగరం, కోట దగ్గర ఉంటాం. మా తమ్ముడు ఇంగ్లాండులో లెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మూడుసార్లు సిగరెట్ మానేసి మూడుసార్లూ మళ్లీ మొదలెట్టాడు. గమ్ వాడాడు, చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ వాడాడు. ఇప్పుడు అక్కడి వైద్య సిబ్బందే వేప్‌తో ప్రయత్నించమన్నారట. మన దగ్గర నిషేధం, అక్కడ డాక్టర్లే వాడమనడమేమిటి? వాడికి ఏం చెప్పమంటారు? సిరిమాను పండక్కి ఇంటికి వస్తున్నాడు.

జవాబు: అమ్మా, రెండూ నిజమే. ఒక్కో దేశం ఒక్కో భయంతో నిర్ణయం తీసుకుంది. మన ప్రభుత్వం సిగరెట్ ముట్టని పిల్లలు దీంతో మొదలెడతారని భయపడింది, వాళ్లు ఇప్పటికే కాలుస్తున్నవాళ్లు పొగతో చచ్చిపోతున్నారని భయపడ్డారు. వాళ్ల దగ్గర చేసిన ఒక పరిశోధన 2019లో వచ్చింది. సిగరెట్ మానాలనుకున్న 886 మందిలో కొందరికి వేప్, కొందరికి గమ్, ప్యాచ్‌లాంటివి ఇచ్చి ఏడాది తర్వాత చూస్తే, వేప్ వాడినవాళ్లలో 18 శాతం, మిగతావాళ్లలో 9.9 శాతం సిగరెట్ మానేశారు. దీన్ని దాచిపెట్టి నేను మీకు జవాబు చెప్పలేను. అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా ఉంది, అలా మానేసిన వేప్ వాళ్లలో నూటికి 80 మంది ఏడాది తర్వాతా వేప్ లాగుతూనే ఉన్నారు, గమ్, ప్యాచ్ వాళ్లలో ఇంకా వాటినే వాడుతున్నవాళ్లు తొమ్మిది మందే. అంటే సిగరెట్ పోయింది, నికోటిన్ పోలేదు.

మీ తమ్ముడు మూడుసార్లు ఓడిపోయాడు, అక్కడ చట్టం ఒప్పుకుంటుంది, కాబట్టి ప్రయత్నించనివ్వండి. సిగరెట్‌లో ఆకు కాలుతుంది, తారు, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి, వేప్‌లో ఆకు కాలదు, అందుకే హాని తక్కువ. తక్కువ అన్నాను, లేదు అనలేదు.

ఏది కొనాలంటే, అంకెలు మార్చే పని లేనిది, పీల్చగానే దానంతట అదే పనిచేసే చిన్న పాడ్ రకం, రీఛార్జి అయ్యేది, మళ్లీ నింపుకునేది. వాడి పారేసే రకాన్ని అక్కడ 2025 జూన్ 1 నుంచి నిషేధించారు. వోల్టేజ్ మార్చేదే కావాలని పట్టుబడితే బ్యాటరీ లోపలే బిగించి ఉన్నది తీసుకొమ్మనండి, విడి బ్యాటరీలు జేబులో తాళాలకీ చిల్లరకీ తగిలితే మండిపోతాయి. కాయిల్ 1 ఓమ్ కంటే ఎక్కువ ఉండాలి, అన్నిటికంటే తక్కువ అంకె దగ్గర మొదలెట్టాలి. కొత్త కాయిల్ వేసి లిక్విడ్ నింపాక పది నిమిషాలు ఆగాలి, దూది తడవకముందే లాగితే మొదటి దమ్ముకే మాడిపోతుంది. మాడు రుచి వచ్చిందా, అక్కడితో ఆపి కాయిల్ మార్చాలి.

చాలామంది తప్పు చేసేది నికోటిన్ విషయంలో. భయపడి మరీ తక్కువది కొంటారు, అది చాలక రోజంతా లాగుతూనే ఉంటారు, పక్కన రెండు సిగరెట్లు కూడా వెలిగిస్తారు. అక్కడి చట్టం ప్రకారం మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ నికోటిన్ ఉండకూడదు. రోజుకి పది, పదిహేను కాల్చేవాడైతే ఆ పరిమితికి లోపలే, కోరిక తీరేంత దాంతో మొదలెట్టి, సిగరెట్ పూర్తిగా పోయాక రెండు మూడు నెలలకోసారి దించుకుంటూ పోవాలి. రెండూ కలిపి వాడితే లాభం లేదు, సిగరెట్ సున్నా కావాలి. లిక్విడ్ సీసా పిల్లలకి అందనివ్వకూడదు, అది విషం.

సిరిమానుకి వచ్చేటప్పుడు మాత్రం దాన్ని లెస్టర్‌లోనే వదిలి రమ్మనండి, పైన మొదటి జవాబులో రాసిన చట్టం వాడికీ వర్తిస్తుంది. ఇక్కడున్న రోజులకి ప్యాచ్‌లు, గమ్ తెచ్చుకోమనండి. సొంతూరు, పాత స్నేహితులు, మూడు లాంతర్ల దగ్గర సాయంత్రాలు, వాడు పోయిన మూడుసార్లూ ఎక్కడ జారాడో ఒకసారి అడగండి, ఇక్కడికి వచ్చినప్పుడే అయినా నాకు ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: పూసపాటిరేగ దగ్గర సముద్రం ఒడ్డున మా ఊరు. మా అత్త వయసు 62, చిన్నప్పటి నుంచి అడ్డపొగ తాగుతుంది, చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని. మానమంటే ‘సచ్చేదాకా ఇదే నా తోడు’ అంటుంది. గమ్ ఇవ్వొచ్చా? కట్టుడు పళ్లు ఉన్నాయి.

జవాబు: కట్టుడు పళ్లకి గమ్ అతుక్కుంటుంది, అందుకని ప్యాచ్ మేలు. ఎంత మోతాదో డాక్టరు చెప్పాలి, చుట్టల లెక్క సిగరెట్ల లెక్క కాదు. కానీ దానికంటే ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. మన తీరంలో ఆడవాళ్లు చుట్టని తిప్పి పెట్టుకునే ఈ అలవాటుకీ అంగిలి క్యాన్సర్‌కీ సంబంధం ఉందని 1945లోనే వైద్యులు రాశారు. నిప్పు లోపల ఉంటుంది కాబట్టి ఆ వేడంతా, పొగంతా నేరుగా అంగిలికే తగులుతుంది. నొప్పి ఉండదు, అందుకే ఆలస్యంగా వస్తారు.

రేపు పొద్దున్న ఎండలో అత్తని అరుగు మీద కూర్చోబెట్టి, కట్టుడు పళ్లు తీయించి, తల వెనక్కి వాల్చి నోరు తెరవమనండి. ఫోన్ టార్చి వెయ్యండి. అంగిలి మీద తెల్లగా మందంగా ఉన్న చోటు, వాటి మధ్య ఎర్రటి చుక్కలు, రెండు వారాలు దాటినా మానని పుండు, ముట్టుకుంటే రక్తం వచ్చే గడ్డ, వీటిలో ఏది కనిపించినా ఫోటో తీసుకుని ఆ వారంలోనే విజయనగరం ప్రభుత్వాసుపత్రిలో దంత విభాగానికి తీసుకెళ్లండి, చిన్న ముక్క తీసి పరీక్ష చేయమని మీరే అడగండి. ఏమీ కనిపించకపోయినా ఒకసారి చూపించండి. చుట్ట మానమని ఆసుపత్రికి తీసుకెళ్తున్నామని చెప్తే రాదు, పళ్ల సెట్టు వదులైంది, సరి చేయిస్తానని చెప్పి తీసుకెళ్లండి, మిగతాది అక్కడ డాక్టరు చెప్తారు.