పాత బ్లాకు మరమ్మతు, కొత్త పార్కింగ్: ఏ పని ముందు?

మీ ప్రశ్న ఇదీ: మా కాలేజీలో పాత బ్లాకు (భవనం) కారుతోంది, రెండు ల్యాబులు కొత్తగా కట్టాలి, బండ్లకు చోటు చాలడం లేదు, అన్నీ ఒకే ప్లాన్‌లో పెడితే ఏ వరుసలో చేయాలి?

పార్కింగ్ నేల పరచడం అన్నిటికన్నా చివర. బండ్లకు తాత్కాలికంగా చోటు చూపించడం మాత్రం అన్నిటికన్నా ముందు. చాలా కాలేజీల్లో ఇది తిరగబడుతుంది. ముందు పేవర్ బ్లాకులు పరిచేస్తారు, ల్యాబు పని మొదలయ్యాక కంకర లారీలు వాటి మీదే తిరుగుతాయి, ఆనక కేబుల్ కోసం అడ్డంగా తవ్వుతారు. తవ్విన చోట మళ్లీ బ్లాకులు పేర్చినా, కింద మట్టి కుంగి గాడి పడుతుంది.

ప్లాన్ గీయకముందే లెక్కపెట్టండి. పరీక్షలు, సెలవులు లేని వారంలో మంగళ, బుధ, గురువారాలు మంచివి. ప్రతి గంటకూ ఒక్కో పార్కింగ్ చోట నంబర్ ప్లేట్ల చివరి నాలుగంకెలు రాయించండి. ఒకే నంబరు వరుసగా ఐదారు సార్లు వచ్చిందంటే అది రోజంతా నిలిచే బండి, దాన్ని దూరపు చోటికి పంపొచ్చు. నూటికి 85 నుంచి 90 గడులు (ఒక్కో బండి నిలిపే చోట్లు) నిండితేనే వచ్చినవాళ్లకు ఖాళీ దొరకక చుట్లు తిరుగుతారు. గేటు దగ్గర కిక్కిరిసి, మైదానం పక్కన సగం ఖాళీగా ఉంటే కొత్త పార్కింగ్ కట్టకండి. అక్కణ్నుంచి క్లాసులదాకా నీడ, దీపాలు ఉన్న కాలిబాట వేయండి, చాలు.

కారు గడి 2.5 మీటర్లు × 5 మీటర్లు, ఎదురెదురు వరుసల మధ్య రెండువైపులా తిరిగే దారికి 6 మీటర్లు. అంటే రెండు వరుసలకు 16 మీటర్ల వెడల్పు కావాలి. 32 × 40 మీటర్ల స్థలంలో నాలుగు వరుసలు పడతాయి. రెండు చివరలా 6 మీటర్ల దారి వదిలితే వరుసకు 11, మొత్తం 44 కార్లు. కారుకు సుమారు 29 చదరపు మీటర్లన్నమాట. స్థలాన్ని 12.5తో భాగించి వందకు పైగా కార్లు పడతాయని చెప్పేవాళ్లు దారిని మరచిపోతున్నారు. చక్రాల కుర్చీలో వచ్చేవారి గడి 3.6 మీటర్ల వెడల్పుతో, గుమ్మానికి దగ్గరగా, ర్యాంపు 1:12 వాలుకు (12 అడుగుల పొడవుకు 1 అడుగు ఎత్తు) మించకుండా ఉండాలి. దీంట్లో రాజీ పడకండి.

పాత బ్లాకులో రంగు జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. సుత్తితో శ్లాబు అడుగున మెల్లగా తట్టించండి. గుల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. సాధారణంగా అక్కడ శ్లాబు లోపలి ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటును నెడుతుంటుంది. పెచ్చులు ఊడదీసి, చువ్వ తుప్పు గీకి, పూత వేసి, రిపేర్ మోర్టారుతో (మరమ్మతుకోసం తయారుచేసిన ప్రత్యేక సిమెంటు మిశ్రమం) కట్టాలి. పైన మామూలు సిమెంటు పూస్తే మళ్లీ ఊడుతుంది. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, శ్లాబు నీళ్ల బరువు మోస్తుందని ఇంజనీరు చెబితే, వాననీళ్లు దిగే పైపుల మూతులు బిగించి డాబా మీద రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలిపి అడుగున చూడండి. చాలా లీకులు శ్లాబు మధ్యలో ఉండవు, పిట్టగోడ మూలలోనూ పైపు దిగే చోటా ఉంటాయి. తర్వాత వైరింగు, పైపులు, ఆపైన ప్లాస్టరింగు, రంగు. కొత్త ల్యాబుల ఏసీలు, ఓవెన్ల లోడు ముందే కూడితేనే మెయిన్ కేబుల్ సైజు తేలుతుంది.

ఆ కేబుల్, వాన కాలువలు, దీపాల వైర్లు, రేపటి చార్జింగ్ పాయింట్లు అన్నీ నేల కిందే కదా. ఇవి దారిని దాటే ప్రతిచోటా రెండు 100 మిల్లీమీటర్ల ఖాళీ పైపులు అదనంగా వేయించి, చివర్లు మూసి, అవి ఎక్కడున్నాయో డ్రాయింగులో గుర్తించండి. వీటికోసం తవ్విన కందకంలో మట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా నింపి, తడిపి దిమ్మిస కొట్టించాలి, ఒకేసారి మట్టి నింపితే కుంగుతుంది. కార్లకు 80 మిల్లీమీటర్ల బ్లాకు, అంచున గట్టి కెర్బు (అంచు రాయి), నీళ్లు పోవడానికి నూటికి ఒకటిన్నర వాలు. కెర్బు వదులైతే టైరు తిప్పినప్పుడల్లా బ్లాకులు పక్కకు జరుగుతాయి.

కాంట్రాక్టరు ఇనుము, ఇసుక, కూలీల షెడ్డు ఎక్కడ పెట్టుకోవాలో, అగ్నిమాపక బండి దారి ఏదో టెండరులోనే గీసి చూపండి. లేకపోతే మొదటి వారంలోనే ఇరవై కార్ల చోటు ఆ సామాను కిందకి పోతుంది.