చారల అరటి: ఏ పిలకను నిలుపుకోవాలి?

ప్రశ్న: బరంపురంలోని ఒక నర్సరీ నుంచి తెచ్చి పెరట్లో నాటిన తెల్ల చారల అరటికి ఇప్పుడు మూడు పిలకలు వచ్చాయి. ఒకటి పూర్తిగా పచ్చగా, ఒకటి పూర్తిగా తెల్లగా, మూడవది చారలతో ఉన్నాయి. తల్లిచెట్టు కాండం మీద కూడా తెల్లని పట్టీలున్నాయి. ఇది వైరస్ తెగులనీ, పక్కనున్న కూర అరటికి అంటుకోకముందే పెకలించమనీ ఇరుగుపొరుగు వారు అంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: మీరు వ్రాసిన లక్షణాలు తెగులువి కావు. మొక్క పెరిగే కొనలోని కొన్ని కణాలకు పత్రహరితాన్ని తయారుచేసుకునే శక్తి లోపించడం వల్ల ఏర్పడిన రంగుభేదం ఇది. అరటి కాండమని మనం పిలిచేది నిజానికి ఉల్లిపొరల మాదిరిగా ఒకదానినొకటి చుట్టుకున్న ఆకు డొప్పల కట్ట. అసలు కాండం నేలలోని దుంపే. ఆకులన్నీ ఆ దుంప తలలోని కొన నుంచే పుడతాయి కనుక, అక్కడ ఒక పక్కన పత్రహరితం లేని కణాలుంటే, వాటి నుంచి పెరిగిన భాగం డొప్ప మీద నిలువు పట్టీగా మొదలై, కాడ గుండా సాగి, ఆకులో నడి ఈనె నుంచి అంచు దాకా చారగా విచ్చుకుంటుంది. తెల్ల పొరా పచ్చ పొరా ఒకదానిపై ఒకటి పడిన చోట లేతపచ్చ, బూడిదపచ్చ ఛాయలు వస్తాయి. హవాయి దీవులలో పేరుపొందిన ‘అయే అయే’ రకంలో ఈ చారలు కాయల తొక్క మీదకూ పాకుతాయి.

అయినా మీ ఇరుగుపొరుగు వారి జాగ్రత్తను కొట్టిపారేయలేము. దోస మొజాయిక్ వైరస్ సోకినా, అరటి చారల వైరస్ సోకినా ఆకుపై పసుపు గీతలు వస్తాయి. అయితే అవి డొప్ప నుంచి ఆకు దాకా ఒకే పట్టీగా సాగవు, తెగితెగి చెదురుగా ఉంటాయి, చారల వైరస్ గీతలు క్రమంగా గోధుమ రంగుకో నలుపుకో తిరుగుతాయి. కొత్త ఆకులు ముడుచుకుపోతున్నా, ఇరుకుగా నిటారుగా గుత్తిలా లేస్తున్నా మాత్రం ఆలస్యం చేయక మొక్కను దుంపతో సహా తీసివేయండి.

ఇక పిలకల సంగతి. పచ్చని పిలక అన్నిటికంటే చురుకుగా పెరిగి చారల పిలకను అణచివేస్తుంది, దాని సంతానం సాధారణంగా పచ్చగానే ఉంటుంది. కాబట్టి దానిని ముందే తొలగించండి, కావాలంటే వేరే చోట నాటుకోండి. తెల్లని పిలక తల్లి పంపే ఆహారంతోనే బతుకుతుంది, వేరుచేస్తే చనిపోతుంది. రెండు రంగులూ సమంగా కలిసిన పిలకే మీకు విలువైనది. అది బలమైన సూది పిలకగా (సన్నని, కోసుగా ఉన్న ఆకుల పిలకగా) ఎదిగిన తరువాత, మొదటి వానలు పడ్డాక, శుభ్రం చేసిన కత్తితో కొంత దుంపను కలుపుకొని వేరుచేయండి. గింజ నుంచి ఈ చారలను నిలుపుకోవడం సాధ్యం కాదు, టిష్యూకల్చర్‌లో (ప్రయోగశాలలో మొక్క కణజాలం నుంచి పిల్లమొక్కలను పెంచే పద్ధతిలో) కూడా అవి తరచూ చెదిరిపోతాయి, అందుకే పిలకను ఎంచుకోవడంలోనే మీ శ్రమంతా పెట్టండి. తెల్ల భాగం ఎండకు తేలికగా మాడిపోతుంది గనుక వేసవి నెలల్లో మధ్యాహ్నపు నీడ తప్పనిసరి.

ప్రశ్న: టిష్యూకల్చర్ అరటి మొక్కల లేత ఆకుల మీద ఎర్రని మచ్చలున్నాయి. ఇదీ రంగుభేదమేనా?
— ఒక రైతు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: కాదు. అది ఆంథోసయనిన్ అనే వర్ణకం. లేత మొక్కలలో సహజం, ఎదిగేకొద్దీ మాయమవుతుంది. మచ్చల మధ్య భాగం ఎండిపోయి చుట్టూ పసుపు వలయం కనిపిస్తే మాత్రం అది ఆకుమచ్చ తెగులు కావచ్చు, ఆ ఆకును కోసి వ్యవసాయాధికారికి చూపించండి.