పాయింట్లు కొనే ముందు శుభలేఖ వెనకాల ఒక లెక్క

మొన్న మా అన్న కూతురి పెళ్ళికి తిరుపతి వెళ్ళాను. తిరుచానూరులో పెళ్ళయింది, చుట్టాలు ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకుంటున్నారు. ఆ సాయంత్రం మిద్దె మీద కూర్చుని ఉంటే మేనల్లుడు వచ్చి పక్కన చేరాడు. వాడూ కోడలూ డాలస్ వెళ్ళి ఏడాదిన్నర అయింది.

"అత్తా, ఓర్లాండోలో మూడు రాత్రులు చవగ్గా హోటలిచ్చి, తొంభై నిమిషాలు కూర్చోబెట్టి టైమ్‌షేర్ గురించి చెప్పినారు. అంటే రిసార్టులో ఏటా కొన్ని రోజులుండే హక్కు ముందే కొనుక్కోవడమంట. 22,000 డాలర్లంట, ఆ ఒక్కరోజుకే ఆ ధరంట. ఏటా పాయింట్లిస్తారు, ఎక్కడికైనా పోవచ్చంట. ఆరోజు సంతకం పెట్టకుండా వచ్చేస్తే ఇప్పుడు ఫోన్ మీద ఫోన్. తీసుకోమంటావా?"

ఆ రోజుతో సరి అన్న ధర మూడు వారాలయినా అలాగే ఉందన్నమాట.

ఈ సంగతి అడగాల్సిన మనిషినే అడిగాడు. ఇరవై ఏళ్ళ కిందట మేమూ అలాంటి చోటే, రెండు పార్కు టికెట్లకు ఆశపడి కూర్చున్నాం. తొంభై నిమిషాలన్నది నాలుగు గంటలయింది. మొదటివాడు చెప్పిన ధరకు వద్దంటే మేనేజరొచ్చి తగ్గించాడు, ఆయనకీ తల అడ్డంగా ఊపితే ఇంకొకాయన వచ్చి ఇంకా తగ్గించాడు. పిల్లోడు ఆకలని ఏడుస్తున్నాడు. మా ఆయన సంతకం పెట్టేశాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రావాలని వాళ్ళు ఎందుకు పట్టుబడతారో బయటికొచ్చాక అర్థమయింది. ఇద్దరూ అక్కడే ఉంటే "ఇంట్లో అడిగి చెప్తాం" అనడానికి నోరు రాదు.

ఎదురుగా మిగిలిపోయిన శుభలేఖల కట్ట ఉంటే ఒకటి తిప్పి లెక్క రాయమన్నాను. 22,000లో పదో వంతు ముందు కట్టాలి. మిగతా 19,800 వాళ్ళే అప్పిస్తారు, 15 శాతం వడ్డీ, పదేళ్ళు. నెలకు 319 డాలర్లు. పదేళ్ళకు వాళ్ళ చేతిలో పెట్టేది 38,000 దాటుతుంది. దాని మీద ఏటా మెయింటెనెన్స్ ఫీజు, వాడి కాగితంలో మొదటి ఏడాదికి 1,100. ఆ ఫీజు పెరగడమే గానీ తగ్గడం నేను చూళ్ళేదు. ఏడాదికి 5 శాతం పెరిగినా పదేళ్ళలో ఇంకో 13,800. మొత్తం కూడితే 54,000 పైచిలుకు. ఏటా తప్పకుండా ఒక వారం వెళ్ళినా, వారానికి 5,400 డాలర్లు, విమానం టికెట్లు కాకుండా! అప్పు తీరాకయినా ఫీజు ఆగదు. వెళ్ళినా వెళ్ళకపోయినా కట్టాల్సిందే.

"మరి పాయింట్లు?" అంది కోడలు. ఆ పట్టిక తియ్యమన్నాను. రిసార్టుకో రేటు, సీజనుకో రేటు, గదికో రేటు, వారాంతానికి ఇంకో రేటు. వీళ్ళకిచ్చే పాయింట్లతో సెప్టెంబరులో, అంటే స్కూళ్ళు నడిచే రోజుల్లో, వారం వస్తుంది. క్రిస్మస్ వారానికైతే రెండేళ్ళ పాయింట్లు కలపాలి. కలిపినా, ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళు పోగా మిగిలితేనే. బ్రహ్మోత్సవాలప్పుడు సిఫారసు లెటర్లు చెల్లవనీ, చేతిలో కాగితం ఉన్నంత మాత్రాన కొండ మీద గది దొరికినట్టు కాదనీ తిరుపతోళ్ళకి ఒకరు చెప్పాలా? కొండ మీద గదులిచ్చే సీఆర్వో ఆఫీసు ముందు నిలబడ్డ ఊరివాళ్ళమే, ఓర్లాండోలో ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తే అంతా మరిచిపోతాం.

కొత్తగా వెళ్ళినవాళ్ళకు ఇంకో చిక్కుంది. ఏడాదికి మూడు వారాలు సెలవుంటే గొప్ప. అవి కాస్తా ఇదిగో, ఇలా పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ ఇండియా ప్రయాణానికే సరి. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులు. ఆ రోజుల్లోనూ రిసార్టు ఫీజు బిల్లు వస్తుంది. ముందు కట్టే సొమ్ము లేదంటే అక్కడికక్కడే మీ పేరున క్రెడిట్ కార్డు తెరిపించేవాళ్ళూ ఉన్నారు. మొన్నమొన్న మొదలైన క్రెడిట్ హిస్టరీకి అది మంచిది కాదు.

"ఇండియాలో కూడా ఉండొచ్చు, ఎక్స్ఛేంజి ఉంది" అన్నాడంట అమ్మినవాడు. మన పాయింట్లిచ్చి వేరేవాళ్ళ రిసార్టులో ఉండే పద్ధతి అది. ఉంది, దానికి విడిగా రుసుము. కొండ మీద గది మాత్రం ఆ పాయింట్లకు ఏ జన్మకీ రాదు.

అసలు మంచే లేదా అంటే, ఉంది. రెండు పడకగదులు, వంటిల్లు, బట్టలుతికే మిషను. అమ్మానాన్నలు వచ్చినప్పుడు పొద్దున్నే ఉప్మా చేసుకుని బయల్దేరొచ్చు. దానికోసం కంపెనీ దగ్గర కొననక్కర్లేదు. పాయింట్లు మిగిలిపోయినవాళ్ళు ఆ వారాలను అద్దెకిస్తుంటారు, ఒకటి రెండుసార్లు అలా వెళ్ళి చూడండి. అయినా కావాలనిపిస్తే పాతవి కొనుక్కోవచ్చు. ఈబే వెబ్‌సైటులో ఒక డాలరుకు పెట్టేవాళ్ళున్నారు. ఇక్కడా ఒక మెలిక: సెకండ్‌హ్యాండులో కొన్నవాటికి కొన్ని సౌకర్యాలు రాకుండా కంపెనీలు కోత పెడతాయి, అది చదవాలి. ఒప్పందానికి ముగింపు ఉందో లేదో కూడా చూడాలి. డిస్నీ వాళ్ళు 1991లో మొదలుపెట్టినదాంట్లో తొలినాటి ఒప్పందాలు చాలావరకు 2042తో ముగుస్తాయి. కొన్ని కంపెనీల కాగితాల్లో అసలు ఆఖరి తేదీ ఉండదు, ఫీజు పిల్లల తలుపు కూడా తడుతుంది.

మేం వదిలించుకోవాలనుకున్నప్పుడు "కొనేవాడు రెడీ, ముందు ఫీజు పంపండి" అని ఒకాయన ఫోన్ చేశాడు. చెక్కు రాసి కవర్లో పెట్టాక నాకే అనుమానమొచ్చి ఆపాను. చివరికి ఆ కంపెనీయే వెనక్కి తీసుకునే పద్ధతి పెడితే ఇచ్చేశాం, పైసా రాలేదు.

ఇప్పటికే సంతకం పెట్టినవాళ్ళు ముందు తేదీ చూసుకోండి. ఫ్లోరిడాలో రద్దుకు 10 రోజులు, సంతకం రోజు నుంచో, ఆఖరి కాగితం చేతికొచ్చిన రోజు నుంచో, ఏది తర్వాతయితే అది. కాలిఫోర్నియాలో 7, నెవాడాలో 5. ఫోన్లో చెబితే కుదరదు. కాగితం మీద రాసి, ఒప్పందంలో ఇచ్చిన చిరునామాకు సర్టిఫైడ్ మెయిల్లో (మన రిజిస్టర్డ్ పోస్టు లాంటిది) పంపి రసీదు దాచుకోండి. కారణం రాయక్కర్లేదు. అమ్మినవాడికి ఫోన్ చేసి మొహమాటపడటం అంతకన్నా అక్కర్లేదు.

శుభలేఖ మడిచి కోడలు పాస్‌పోర్టుల సంచిలో పెట్టుకుంది. రాత్రి భోజనాల దగ్గర మేనల్లుడి ఫోన్ మోగింది, ఫ్లోరిడా నంబరు. వాడు నా వంక చూసి, ఫోను కోడలి చేతికిచ్చాడు.

"ఇంట్లో అత్తని అడగాలని చెప్పు."