పర్మింగ్ చెడిన పొడవాటి జుట్టుకు వెంటనే స్ట్రెయిటెనింగ్ చేయించవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది: నడుము దాకా ఉన్న జుట్టుకు పది రోజుల క్రితం సెలూన్‌లో పర్మింగ్ (మందుతో జుట్టుకు వంకీలు తెప్పించడం) చేయించారు, పైభాగంలో వంకీలు నిలవలేదు, కొసలు పీచులా తయారయ్యాయి, ఉచితంగా స్ట్రెయిటెనింగ్ చేసి సరిదిద్దుతామని సెలూన్ వాళ్లు అంటున్నారు, ఒప్పుకోవచ్చా అని. ఒప్పుకోవద్దనే నా సమాధానం. ఆరేళ్ల క్రితం ఇదే పరిస్థితిలో నేను దాదాపు ఒప్పుకున్నాను కనుక, ఎందుకు వద్దంటున్నానో కొంత వివరంగా రాస్తాను.

మా తమ్ముడి పెళ్లికి తొమ్మిది రోజుల ముందు హైదరాబాద్‌లోని ఒక సెలూన్‌లో నేను పర్మింగ్ చేయించుకున్నాను. అప్పటికి నా జుట్టు పొడవు సుమారు 32 అంగుళాలు. అంతకు రెండేళ్ల ముందు స్మూతెనింగ్ (మందుతో జుట్టును నున్నగా చేయడం) చేయించుకున్న సంగతి గానీ, కిరాణా కొట్టులో దొరికే నల్ల హెన్నా పొడిని నెలనెలా పెట్టుకుంటున్న సంగతి గానీ వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. నాలుగు గంటలు కూర్చుని ఇంటికి వచ్చి చూసుకుంటే మాడు దగ్గర జుట్టు ఎప్పటిలాగే తిన్నగా ఉంది, మధ్యలో కాస్త అలలు తేలాయి, చివరి జానెడు మాత్రం కొబ్బరి పీచును తలపించింది. మా అమ్మమ్మ ఆ కొసలను వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసి, "ఏమే, డబ్బిచ్చి మరీ చిక్కు పెట్టించుకున్నావా?" అంది. అంతకంటే కచ్చితంగా ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు.

వెంట్రుకకు బలాన్నీ ఆకారాన్నీ ఇచ్చేవి కెరటిన్ అనే ప్రొటీన్‌లోని గంధకపు బంధాలు. పర్మింగ్‌లో సాధారణంగా వాడే అమ్మోనియం థయోగ్లైకొలేట్ అనే మందు ఆ బంధాల్లో కొన్నింటిని విప్పుతుంది, రాడ్లకు చుట్టిన జుట్టు ఆ వంపుకు అమరుతుంది, ఆ తర్వాత పోసే న్యూట్రలైజర్‌లోని హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆ బంధాలను కొత్త చోట ముడివేస్తుంది. విడిపోయినవన్నీ మళ్లీ ముడిపడవు కాబట్టి, ఎంత నేర్పుగా చేసినా వెంట్రుక అంతకుముందు కంటే కొంత బలహీనపడుతుంది. స్ట్రెయిటెనింగ్‌లోనూ రీబాండింగ్‌లోనూ వాడేది చాలావరకు ఇదే జాతి మందు; తేడా అల్లా రాడ్లకు బదులు ఇస్త్రీపెట్టె లాంటి వేడి పలకలు వాడటమే. ఒకసారి విప్పి కుట్టిన చోటే మళ్లీ కుట్లు విప్పితే బట్ట ఏమవుతుందో మనకు తెలుసు. ఇక సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న, జుట్టును తిన్నగా చేసే రిలాక్సర్‌ను పర్మింగ్ చేసిన జుట్టు మీద వాడితే వెంట్రుకలు మధ్యకు తెగిపోయే ప్రమాదం ఉంటుంది, ఎందుకంటే ఆ రెండు మందులకూ పొత్తు కుదరదు. సెలూన్ వాళ్లు ఉచితమన్నది దేన్నో మీరు అడిగి తెలుసుకోవాలి.

పొడవాటి జుట్టు విషయంలో చాలామంది గమనించనిది దాని వయసు. జుట్టు నెలకు ఒకటి నుంచి ఒకటింపావు సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. ఆ లెక్కన నా జడ కొసలు ఐదేళ్లకు పైబడినవి, కుదుళ్ల దగ్గరి జుట్టు నిన్న మొన్నటిది. ఐదేళ్ల పాటు ఎండనూ దువ్వెననూ బోరు నీళ్లనూ, నా విషయంలో అదనంగా స్మూతెనింగ్‌నూ భరించిన కొసలకూ, లేత కుదుళ్లకూ ఒకే మందును ఒకే సమయం పాటు ఉంచితే ఫలితం ఒకేలా ఎలా వస్తుంది? పైగా ఇంత పొడవు జుట్టును ఒక పాయకు ఒకే రాడ్ చొప్పున చుట్టితే పొర మీద పొర పడి చుట్ట లావెక్కుతుంది, మందు అన్ని పొరలకూ సమానంగా అందదు. అందుకే పొడవాటి జుట్టుకు పాయకు రెండు రాడ్లు వాడటమో, కొస నుంచి కుదురు దాకా పక్కపక్కగా మెలికలు తిరిగేలా చుట్టడమో చేస్తారు. నాకు ఒక్కటే వాడారు. వంకీ సరిగా పడినా జుట్టు బరువు కిందికి లాగుతుంది కాబట్టి మాడు దగ్గర అది కొంత సాగిపోవడం సహజమే.

హెన్నా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గోరింటాకు పొడి వెంట్రుక మీద పొరలా పట్టి మందును సరిగా లోపలికి వెళ్లనివ్వదు. లోహ లవణాలు కలిపిన రంగు పొడులైతే పెరాక్సైడ్‌తో చర్య జరిపి, వేడి పుట్టించి, వెంట్రుకను తెంచనూ గలవు. మీరు అలాంటిది వాడి ఉంటే, సెలూన్ వాళ్లు అడగకపోయినా చెప్పండి.

చెడిన పర్మింగ్ అంతా ఒక రకం కాదు. మందు చాలక వంకీ పడకపోవడం ఒకటి, మందు ఎక్కువై వెంట్రుక చచ్చుబడటం ఇంకొకటి. కుదుళ్ల దగ్గర తిన్నగా ఉండి కొసల దగ్గర వంకీలు చక్కగా ఉంటే సాధారణంగా మొదటిది, కుదుళ్ల దగ్గర వంకీలు ఉండి కొసలు పీచులా వేలాడుతుంటే రెండోది. నా తలలో ఈ రెండూ కాపురం చేశాయి. తేల్చుకోవడానికి నేను చేసిన పరీక్ష తేలికైనది. తడి జుట్టులోంచి ఒక్క వెంట్రుకను తీసుకుని రెండు చేతులతో మెల్లగా లాగండి. ఆరోగ్యంగా ఉన్నది సుమారు 30 శాతం సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. జిగురులా సాగి వెనక్కి రాకపోతే, లేదా అసలు సాగకుండానే పుటుక్కున తెగితే, ఆ భాగం దెబ్బతిన్నట్లే. మూడు నాలుగు చోట్ల, కొసలోనూ మధ్యలోనూ విడివిడిగా చూడండి. అలాగే దువ్వెనకు వచ్చే వెంట్రుకల చివర తెల్లని చిన్న బొడిపె ఉంటే అది కుదురు నుంచి రాలింది, లేకపోతే మధ్యలో తెగింది. నెత్తి మీద మంట, పుండ్లు, నీరు కారడం వంటివి ఉంటే మాత్రం ఈ పరీక్షలన్నీ పక్కన పెట్టి చర్మవైద్యులకు చూపించాలి.

నేను ఏం చేశానంటే, ముందుగా నాలుగు అంగుళాలు కత్తిరించాను. అది తేలిగ్గా తీసుకున్న నిర్ణయం కాదు, ఆ రోజు ఏడ్చాను. అమ్మమ్మ మాత్రం తిరుపతిలో మూడు కత్తెర్లు ఇస్తానని మొక్కుకుంటే ఆ బాధ ఉండదంది. మొక్కుకున్నాను గానీ, కత్తెర అంతకుముందే పడింది. పెళ్లికి ఆ పీచును సవరంతో కలిపి జడ అల్లి, పైన పూలజడ కుట్టించాను. ఫోటోల్లో ఎవరికీ ఏమీ కనిపించలేదు. ఆ తర్వాత రెండు నెలలకోసారి ఒకటింపావు అంగుళం చొప్పున కత్తిరిస్తూ వచ్చాను. ఎనిమిది నెలలకు చెడిన జానెడంతా పోయింది, ఆలోగా పైనుంచి నాలుగు అంగుళాలు పెరిగింది కాబట్టి చివరికి తగ్గినది ఐదు అంగుళాలే. ఒక్కసారిగా భుజాల దాకా కత్తిరించమని సలహా ఇచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు, వినకపోవడమే మంచిదైంది.

తక్కినదంతా కాపాడుకోవడమే. తలస్నానానికి ముందు రాత్రి కొసలకు కొబ్బరి నూనె పట్టించేదాన్ని. ఇది అలవాటు మాత్రమే కాదు: కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి వెళ్లగలదనీ, తలస్నానంలో పోయే ప్రొటీన్‌ను తగ్గిస్తుందనీ, పొద్దుతిరుగుడు నూనెకూ మినరల్ ఆయిల్‌కూ ఆ గుణం లేదనీ 2003లో ప్రచురితమైన ఒక భారతీయ పరిశోధన తేల్చింది. కుంకుడుకాయ నా జుట్టును ఇంకా పొడిబార్చింది కనుక కొన్ని నెలలు మానేసి, తేలికపాటి షాంపూ, ప్రతిసారీ కండిషనర్ వాడాను. కెరటిన్ కలిపిన మాస్క్ రెండు వారాలకోసారి మించి వాడలేదు, ఎందుకంటే అతిగా వాడినప్పుడు వెంట్రుక బిరుసెక్కి తెగడం స్వయంగా చూశాను. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు బాగా కఠినమైనవి కాబట్టి చివరి చెంబు నీళ్లు మాత్రం ఫిల్టర్ నీళ్లు పోసుకునేదాన్ని. తడి జుట్టును పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో, కొసల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తూ విడదీయాలి. డ్రయ్యర్, వేడి పలకలు ఏడాది పాటు ముట్టలేదు. మధ్యభాగంలోని అలలు అలాగే ఉండి క్రమంగా వదులయ్యాయి, వాటిని వదులు జడలో దాచడం కష్టం కాలేదు.

సెలూన్ వాళ్లను డబ్బు వాపసు అడగండి; బదులుగా ఏదైనా ఇస్తామంటే కత్తిరింపు, కండిషనింగ్ వరకే ఒప్పుకోండి. నేను అడిగినప్పుడు సగం తిరిగి ఇచ్చారు, అదీ బిల్లూ, ముందు వెనక ఫోటోలూ చూపించాకే. వినకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంటుంది. 2018లో ఢిల్లీలో ఒక మహిళకు చెప్పినదానికి భిన్నంగా జుట్టు కత్తిరించిన కేసులో జాతీయ కమిషన్ 2021లో 2 కోట్ల రూపాయల పరిహారం ప్రకటించింది గానీ, జరిగిన నష్టాన్ని ఆధారాల మీద లెక్కగట్టాలంటూ 2023లో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టి కేసును తిరిగి పంపింది. అందువల్ల కొసలు కత్తిరించకముందే, పగటి వెలుతురులో, టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసుకోండి. తెగిన వెంట్రుకలను ఒక కవరులో తేదీ వేసి ఉంచండి, బిల్లు కనిపించకపోతే డబ్బు కట్టినట్లు ఫోన్‌లో వచ్చిన సందేశాన్ని ఈరోజే వెతికి భద్రపరచండి.