పిత్తాశయంలో రాళ్లుంటే ఆపరేషన్ తప్పనిసరా?

నొప్పి లేకుండా, వేరే దేనికో తీసిన స్కానింగ్‌లో రాళ్లు బయటపడితే చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. పిత్తాశయం అంటే కాలేయంలో తయారైన పైత్యరసాన్ని నిల్వ ఉంచే చిన్న సంచి. ఆ రసంలో కొలెస్ట్రాల్ మోతాదు మించితే గట్టిపడి రాళ్లవుతుంది. అవి కదలకుండా ఉన్నన్నాళ్లూ బాధ తెలియదు, చిక్కంతా దారికి అడ్డుపడ్డప్పుడే. ఉదాహరణకు, బాగా నూనె ఉన్న భోజనం చేశాక సంచి ముడుచుకుంటుంది, రాయి దాని మూతి దగ్గర ఇరుక్కుంటుంది. కుడి డొక్క కింద పట్టేసినట్టు మొదలైన నొప్పి భుజం వెనక్కి పాకి గంటల తరబడి వదలదు. అలా ఒకసారి వస్తే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి అప్పుడు సంచి తీసేయడమే మేలు. జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నీళ్లు బాగా తాగితే పడిపోతాయనుకోవడం పొరపాటు. అది కిడ్నీ రాళ్ల సంగతి; పైత్యరసం దారి వేరు.