ఇంజను ఆగిన చిన్న విమానం కూలక తప్పదా?

ప్రశ్న: మా అబ్బాయి పైలట్ శిక్షణలో చేరి చిన్న విమానాలు నడపడం నేర్చుకుంటున్నాడు. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో అప్పటి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారిని పోగొట్టుకున్న ప్రాంతం వాళ్లం కనుక, ఎక్కడ చిన్న విమానం కూలిందని విన్నా మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. ప్రతిసారీ ‘ఇంజను చెడిపోయింది’ అనే మాటే వినిపిస్తుంది. గాలిలో ఇంజను ఆగితే ఇక ప్రాణాలు దక్కవా?
— ఒక తల్లి, ఐ.పోలవరం మండలం

జవాబు: దక్కుతాయమ్మా. ఇంజను ఆగినంత మాత్రాన విమానం ఉన్నపళంగా కింద పడదు. దానిని పైన నిలిపేది రెక్కల మీదుగా పారే గాలి. శిక్షణకు విరివిగా వాడే సెస్నా 172 విమానం, ఇంజను పూర్తిగా ఆగిపోయినా, వెయ్యి అడుగుల ఎత్తు నుంచి మెల్లగా దిగుతూ సుమారు రెండున్నర కిలోమీటర్లు సాగగలదు. అందుకు పైలట్ వెంటనే ముక్కును కొంచెం కిందికి దించి, వేగాన్ని గంటకు సుమారు 120 కిలోమీటర్ల వద్ద నిలబెట్టుకోవాలి. అలా చేస్తే దిగే చోటు వెతుక్కోవడానికి ఒక నిమిషానికి పైగా వ్యవధి దొరుకుతుంది. ఇంజను ఆగిన హెలికాప్టర్‌ను కూడా, కిందినుంచి వచ్చే గాలితోనే పై రెక్కలు తిరిగేలా చేసి దించే పద్ధతి ఉంది.

ప్రాణాలు పోయేది ఎక్కువగా ఆ తరువాతి క్షణాల్లో. నేల వదిలిన కాసేపటికే, మూడు నాలుగు వందల అడుగుల ఎత్తులో ఇంజను ఆగితే, వెనక్కి తిరిగి ఇప్పుడే వదిలివచ్చిన రన్‌వేను అందుకోవాలన్న ఆరాటం ఎంతటివారికైనా కలుగుతుంది. తిరగాలంటే విమానాన్ని ఒక పక్కకు ఒరిగించాలి, ఒరిగించి ఎత్తు నిలుపుకోవాలని చూసినకొద్దీ రెక్కల మీద భారం పెరుగుతుంది. 60 డిగ్రీల దగ్గర ఆ భారం రెట్టింపవుతుంది. తిన్నగా ఎగిరేటప్పుడు వేగం 80 కిలోమీటర్లకు తగ్గేదాకా గాలిని పట్టుకుని ఉండే రెక్క, అంతగా ఒరిగినప్పుడు 113 దగ్గరే పట్టు వదిలేస్తుంది. పైలట్లు దీనిని స్టాల్ అంటారు. ఒక రెక్క ముందుగా పట్టు తప్పితే విమానం ఆ వైపుకు మెలితిరుగుతూ నేలకు వస్తుంది, సరిదిద్దుకోవడానికి ఎత్తు చాలదు. అందుకే అంత కిందుగా ఉన్నప్పుడు వెనక్కి తిరగవద్దని, ఎదుట కాస్త అటూఇటూగా కనిపించే ఖాళీలోనే దించమని శిక్షకులు పదేపదే చెబుతారు. విమానం పాడవుతుంది, కానీ అదుపులో ఉండి నేలను తాకిన విమానంలోని మనుషులు బతికే అవకాశం చాలా ఎక్కువ.

నన్నడిగితే, ఇంజను కంటే ఎక్కువగా భయపడవలసింది చూపు ఆనని వాతావరణానికే. 2002 మార్చి 3 ఉదయం బాలయోగి గారు భీమవరం నుంచి హైదరాబాదుకు బయలుదేరిన బెల్ 206 హెలికాప్టర్ కైకలూరు సమీపంలోని కొవ్వాడలంక వద్ద చేపల చెరువులో కూలింది. దారి సరిగా కనిపించని వాతావరణం ఉందని ఆనాడు వార్తలు వచ్చాయి. మంచు పట్టిన ఉదయాన చెరువుల నీరూ ఆకాశమూ ఒకే రంగులో కలిసిపోవడం మన ప్రాంతంలో అందరూ చూసేదే. అటువంటి చోట బయటి గుర్తులేవీ కనిపించకపోతే మన చెవి లోపలి సమతౌల్య వ్యవస్థ మనల్ని మోసగిస్తుంది; ఒరిగి తిరుగుతున్న విమానం తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. 1954లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో, పరికరాలను మాత్రమే చూసి నడపడంలో శిక్షణ లేని 20 మందిని మేఘాల్లో చిక్కుకున్న పరిస్థితిని కల్పించి పరీక్షిస్తే, ఒక్కరు కూడా అదుపు నిలుపుకోలేకపోయారు. అదుపు తప్పడానికి సగటున వారికి పట్టిన సమయం 178 సెకన్లు. 1999 జులై 16 రాత్రి అమెరికా మాజీ అధ్యక్షుడు కెనడీ కుమారుడు జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ స్వయంగా నడుపుతున్న పైపర్ విమానం సముద్రంలో కూలి ముగ్గురు మరణించిన ఘటనలోనూ, మసక చీకటిలో నీటి మీదుగా దిగుతూ దిశాభ్రాంతికి లోనై అదుపు కోల్పోవడమే కారణమని దర్యాప్తు తేల్చింది. ఆ విమానానికి ఏ లోపమూ లేదు.

ఇంజను తనంతట ఆగే కారణాల్లో ఒకటి మన డెల్టా వాసులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. పాత తరహా ఇంజన్లలో కార్బ్యురేటర్ లోపల పెట్రోలు ఆవిరవుతూ, కుండలో నీరు చల్లబడినట్టే, చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాలిలోని తేమ గడ్డకట్టి దారి మూసేస్తుంది. బయట 38 డిగ్రీల ఎండ ఉన్నా, గాలిలో తగినంత తేమ ఉంటే ఇది జరగవచ్చు. దీనికి విరుగుడుగా వేడిగాలిని లోపలికి పంపే మీట ఉంటుంది. ఇంజను శక్తి తగ్గించి దిగేటప్పుడు దానిని వాడడం మరవకూడదు. ఇంధనంలో నీరు చేరడం మరొక కారణం. ఎగిరే ముందు ట్యాంకు అడుగు నుంచి కొంత ఇంధనం గాజు గొట్టంలోకి తీసి, నీలంరంగు ఇంధనం కింద నీరు తేరిందేమో చూస్తారు.

ప్రశ్న: మన దగ్గర కొండలు లేవు, ఎటు చూసినా చేలే. ఇక్కడ విమానాన్ని ఎక్కడైనా దించుకోవచ్చు కదా?
— ఒక రైతు, పాలకొల్లు

జవాబు: పైనుంచి చూస్తే అలాగే అనిపిస్తుంది. దాళ్వా కోతలయ్యి ఆరిన చేను నిజంగానే మంచి చోటు. కానీ నీరు పెట్టిన చేలో ముందు చక్రం దిగబడి విమానం పల్టీ కొట్టవచ్చు, చేపల చెరువులోనూ అదే ప్రమాదం. కాలువ గట్ల వెంట కొబ్బరిచెట్లు, చేల మీదుగా కరెంటు తీగలు ఉంటాయి. తీగ పైలట్ కంటికి ఆనదు కాబట్టి స్తంభాల వరుసను చూసి దానిని ఊహించమని నేర్పుతారు.

ప్రశ్న: చిన్న విమానాల్లో బ్లాక్ బాక్సు ఉండదంటారు. మరి కారణం ఎలా తేలుస్తారు?
— ఒక విద్యార్థి, అమలాపురం

జవాబు: చాలా చిన్న విమానాల్లో ఉండదు. దర్యాప్తు అధికారులు శకలాలనే చదువుతారు. నేలను తాకినప్పుడు ఇంజను శక్తితో తిరుగుతోందో ఆగి ఉందో ప్రొపెల్లర్ రెక్కలు వంగిన తీరు చెబుతుంది. హెచ్చరిక దీపం వెలుగుతూ ఉంటే దాని లోపలి తీగ సాగి కనిపిస్తుంది. మన దేశంలో ఈ పని 2012లో ఏర్పడిన విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థది. ఎవరినో దోషిగా నిలబెట్టడం దాని ఉద్దేశం కాదు, అటువంటి ప్రమాదం మళ్లీ జరగకుండా చూడడం. అంతర్జాతీయ నియమాల ప్రకారం ప్రాథమిక నివేదికకే 30 రోజుల గడువు ఉంటుంది. ఇంజనును విప్పి చూడకముందే, కూలిన మర్నాడే, ‘ఇంజను చెడిపోయింది’ అని వచ్చే వార్తను కారణంగా తీసుకోకండి.